తన్నని తుపాకీ

ఆ ఏడు ఆగస్టులో మా అన్న హాల్వర్ గురి పరీక్ష నెగ్గి ఇంటికొచ్చి, చొక్కా విప్పుకోలేక వంటింటి బల్ల దగ్గర కూలబడ్డాడు.

గుండీలు నేనే విప్పాను. కుడి భుజం నుంచి మెడ కింది ఎముక దాకా నల్లగా కమిలిపోయి ఉంది. మార్చిలో ఇంటికప్పు మీది మంచు తోస్తూ జారిపడి ఆ ఎముకే విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో అతికిందన్నారు. అతికిన ఎముక మీద తుపాకీ తన్నితే ఏమవుతుందో వాళ్ళు చెప్పలేదు, మా అన్న అడగలేదు.

"ఎన్ని కాల్చావు?" అన్నాను.

"ఎనిమిది. ఎనిమిదీ తగిలాయి. గురికి పెట్టిన ఆ చెక్కదుప్పికి ప్రాణముంటే ఎనిమిదిసార్లు చచ్చేది."

"నువ్వూ చచ్చేలా ఉన్నావు. ఒకసారి అద్దంలో చూసుకో."

"నేనెందుకే? నువ్వు చూస్తున్నావుగా, చాల్లే. కాఫీ పెట్టు."

మా వైపు అలవాటే, కాఫీలో జున్నుముక్కలు వేసి ముందు పెట్టాను. ఎడమచేత్తో తాగాడు. కుడిచెయ్యి ఒళ్ళో పడేసి ఉంది.

మేమిద్దరం పెళ్ళి చేసుకోలేదు. అతనికి డెబ్బై ఒకటి, నాకు అరవై నాలుగు. నేను పట్నంలో మందుల దుకాణంలో ముప్పై ఒక్క ఏళ్ళు పొడులు తూచి, పింఛను రాగానే చెరువుగట్టు మీది ఈ ఇంటికే తిరిగొచ్చాను. ఇద్దరం రోజూ పోట్లాడుకుంటాం. ఒకరి సంగతి ఒకరు ఇంకొకళ్ళకి చెప్పం.

మా తుపాకీ తాతది. దాని తూటా ఎంత పాతదంటే దుకాణాల్లో అమ్మడం ఎప్పుడో మానేశారు. లావుపాటి గుండు, నెమ్మదిగా పోతుంది, తగిలితే దుప్పి కూలాల్సిందే. కాల్చేవాడి భుజమూ సగం కూలుతుంది. స్టాక్‌హోం నుంచి కొత్త తుపాకులతో దిగే వేటగాళ్ళు దాన్ని బంగాళదుంపలు విసిరే తుపాకీ అంటారు. మా ఊరి టోర్వాల్డ్ ఇంకా నయం. "హాల్వర్, నీ గుండు చేరేలోపు దుప్పి ముసలిదై తనంతట తనే పోతుందిరా" అంటాడు.

అందుకని తూటాలు ఇంట్లోనే కట్టుకోవాలి. కాలిన ఇత్తడి గొట్టాలు కడిగి, మూతులు సరిచేసి, అడుగున నిప్పురవ్వ పుట్టించే చిన్న టోపీ బిగించి, తుపాకీమందు తూచి పోసి, పైన గుండు దిగ్గొట్టాలి. గొట్టాల పని, గుండు దించే పని అన్నది. తూకం నాది. నేను తిరిగొచ్చినప్పటినుంచీ అలాగే నడిచింది. నేను తూచిన తూటాకీ తూటాకీ తేడా ఉండదని అన్న వేట జట్టులో గొప్పలు పోయేవాడు.

ఆ రాత్రి అన్నం దగ్గర మెల్లగా మాట ఎత్తాను.

"మీ జట్టులో మైలిస్ దగ్గర సన్న తూటా తుపాకీ ఒకటి ఊరికే పడుంది. ఈ ఏడాదికి అది అడిగి తెచ్చుకో. అంతగా తన్నదు."

"ఎందుకు తెచ్చుకున్నావని అడుగుతారు."

"భుజం బాలేదని చెప్పు."

"డెబ్బై ఒకటి వచ్చినవాడు భుజం బాలేదంటే జట్టులో ఏమనుకుంటారో నీకు తెలీదా? పోనీలే పాపం, వంటషెడ్డులో కూర్చోబెట్టండి అంటారు. దుప్పులు నేలకూలుతుంటే నేను మంట దగ్గర సాసేజీలు తిప్పుతూ కూర్చోవాలా?"

వేట సెప్టెంబరు మొదటి సోమవారం నుంచి మూడంటే మూడు వారాలు. మిగిలిన ఏడాదంతా మా అన్న ఆ మూడు వారాల కోసమే కట్టెలు కొట్టేవాడు, చేపలు పట్టేవాడు, నన్ను తిట్టేవాడు. నల్లచిత్తడి అంచున దేవదారు మొద్దు దగ్గరి మాటు మా నాన్నది, తర్వాత అతనిది. అక్కడ కూర్చునే హక్కు పోతే ఆ మనిషికి ఏమీ మిగలదని నాకు తెలుసు.

అది పోవడానికి ఒక దారి అతనే వేసిపెట్టాడు. పదేళ్ళ కిందట జట్టుకి తనే నాయకుడు. అప్పటికే డెబ్బై దాటిన టోర్వాల్డ్ ఒక ఆడదుప్పిని గాయపరిచి పోగొట్టుకున్నాడు. అప్పుడు మా అన్న అందరి ముందూ నిబంధన పెట్టాడు: డెబ్బై దాటినవాడు గాయపరిచిన జంతువుని పోగొట్టుకుంటే, ఎందుకు పోయిందో ఏమిటో అనవసరం, ఆ ఏటితో తుపాకీ దించాలి. టోర్వాల్డ్ దించాడు. మూడేళ్ళు మా గడప తొక్కలేదు.

ఆగస్టు ఆఖర్న వేటకి ఇరవై తూటాలు కట్టడానికి కూర్చున్నాం. ఈసారి గుండు దించే మీట అన్న లాగలేకపోయాడు. రెండు లాగి, "నడుం పట్టేసింది" అని లేచి, రేడియో దగ్గరికి పోయాడు. నడుం పట్టేసినవాడు భుజం పట్టుకుని నడవడు. మిగిలిన పనంతా నా చేతికొచ్చింది.

త్రాసు పళ్ళెంలో మందు పోశాను. ముల్లు నడిమికి వచ్చి ఆగింది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. నాకు ఆ నల్లటి భుజమే కనిపిస్తోంది. చిటికెడు తీసేశాను. తర్వాత ఇంకో చిటికెడు. ముల్లు ఎక్కడ ఆగిందో అక్కడే తూకపురాయి మార్చి, ఇరవై తూటాలకీ అదే కొలత పోశాను. అన్న కట్టిన ఆ రెండింటినీ కూడా ఊడదీసి మళ్ళీ కట్టాను.

నేను ఆలోచించకుండా చేశానని ఎవరూ అనుకోవద్దు. మందు తగ్గితే గుండు కిందికి దిగుతుందని నాకు తెలుసు. అన్నకి ఒక నియమం ఉంది, నాకు నేర్పింది కూడా అతనే. కొత్తగా కట్టిన తూటాలు మూడు కాగితం మీద కాల్చి చూడకుండా అడవిలోకి పోకూడదు. కాలుస్తాడు, కిందికి తగులుతాయి, ఇంటికొచ్చి నన్ను నానా మాటలూ అంటాడు, అప్పుడు ఒప్పుకుంటాను. ఒకరోజు అరుస్తాడు, మర్నాడు తుపాకీ గురి కాస్త పైకి సర్దుకుంటాడు. భుజం కాస్త బతుకుతుంది. ఇదీ నా లెక్క.

శనివారం అన్న తుపాకీ తీసుకుని, కాల్చి చూసే కంకరగుంటకి వెళ్ళాడు. గంట దాటాక వచ్చాడు.

"ఎలా ఉన్నాయి?" అన్నాను, స్టవ్వు వైపు తిరిగే.

"ఎప్పటిలాగే."

"మూడూనా?"

"మూడూ ఒకే చోట. ఏంటే, కొత్తగా అడుగుతున్నావు?"

"ఊరికే."

తిట్లకి సిద్ధపడి ఉన్నదాన్ని, తిట్లు పడకపోయేసరికి నా ప్రాణం లేచొచ్చింది. ఆ చిటికెళ్ళు ఆ దూరానికి లెక్కలోకి రాలేదు కాబోలు అనుకున్నాను. తూకంతో బతికిన మనిషిని, అంత తేలిగ్గా ఎలా నమ్మానో. నమ్మాలనిపించింది, నమ్మాను.

సోమవారం తెల్లారి జట్టంతా వేటకి వెళ్ళారు. తొమ్మిదింటికి నల్లచిత్తడి వైపు నుంచి ఒక చప్పుడు వినిపించింది. ఒక్కటే. మా వైపు ఒక చప్పుడంటే దుప్పి పడిందని, రెండంటే పడిందేమోనని, మూడంటే ఏమీ లేదని చెప్పుకుంటారు. నేను కార్జం వేయించడానికి పెనం తీసి కడిగిపెట్టాను.

చీకటి పడ్డాక వచ్చాడు. చేతులకి నెత్తురు లేదు. బూట్లు విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు.

"పెద్ద మగది" అన్నాడు. "నూటముప్పై అడుగుల్లో, అడ్డంగా నిలబడింది. చిన్నపిల్లాడైనా కొట్టేస్తాడు. కాల్చాను. ముందుకాలు వేలాడేసుకుని పోయింది."

"దొరుకుతుందిలే."

"వెంట్రుకలు చూశాం, ఎముక ముక్క చూశాం. మైలిస్ కుక్క వాసన పట్టుకుని వాగు దాకా పోయింది. అక్కడ పోగొట్టుకుంది."

అతను నిద్రపోయాక తూటాల పెట్టె తెరిచి లెక్కపెట్టాను. పందొమ్మిది ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టాను. శనివారం మూడు, సోమవారం ఒకటి కాలిస్తే పదహారు ఉండాలి. కంకరగుంటలో ఒక్కటి కూడా కాలలేదు. పెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాను. 

మంగళ, బుధవారాలు జట్టంతా వేట మానేసి వెతికారు. గాయపడ్డ జంతువు దొరికేదాకా ఇంకో తూటా పేలకూడదు, అది జట్టు ధర్మం. రెండు రోజులూ వాన. గురువారం మైలిస్ మా ఇంటికొచ్చింది. ఇప్పటి నాయకురాలు ఆమే. పన్నెండేళ్ళ వయసులో ఆమెకి తుపాకీ పట్టడం నేర్పింది మా అన్నే.

"బాబాయ్, ఇంక జాడ లేదు. వాన అంతా కడిగేసింది. రేపటినుంచి వేట మొదలెడతాం."

"మొదలెట్టండి."

"నువ్వు రావా?"

"నేను వెతుకుతాను."

రోజూ పొద్దున్నే రొట్టె జేబులో పెట్టుకుని వెళ్ళేవాడు. తుపాకీ భుజాన ఉండేది, ఎడమ భుజాన. సాయంత్రం నడుం దాకా తడిసి వచ్చేవాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. రోజూ చెబుదామనే కూర్చునేదాన్ని. గంజి ముందు పెట్టి, అతను తినేది చూసి, లేచిపోయేదాన్ని. చెబితే తను కాల్చి చూడలేదన్న సంగతి నాకు తెలుసని కూడా చెప్పాలి. అది నా నోటితో ఎలా అనాలో తెలియలేదు. మంచికి పోతే చెడ్డ ఎదురైందని నన్ను నేను సముదాయించుకోబోయాను గానీ, మంచికి పోయినదాన్ని అడిగే పోయి ఉండొచ్చు కదా.

తొమ్మిదో రోజు నేను ఎర్రపళ్ళు కోసుకుని మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అన్న వంటింట్లో ఉన్నాడు. బల్ల మీద నా త్రాసు ఉంది. గుండ్లు ఊడదీసిన తూటాలు ఆరు వరసగా పెట్టి ఉన్నాయి. ఆరు కాఫీ సాసర్లలో ఆరు పోగులు మందు.

"కూర్చో" అన్నాడు.

బుట్ట కింద పెట్టి కూర్చున్నాను.

"దొరికింది. కాకుల గుంపు చూసి పోయాను. వాగుకి అవతల, చిత్తడిలో. నాలుగైదు రోజులు బతికే ఉన్నట్టుంది. చుట్టూ గడ్డి నమిలేసి ఉంది."

నా చేతులు బల్ల కిందికి పెట్టుకున్నాను.

"గుండు ఎక్కడ తగిలిందో చూశాను. నేను పెట్టిన గురికి తిన్నగా కింద, జానెడుకి కాస్త తక్కువ. పక్కకి వేలెడు కూడా పోలేదు. చెయ్యి వణికితే పక్కకి పోతుంది. కన్ను మసకేస్తే ఎటైనా పోతుంది. తిన్నగా కిందికే దిగిందంటే కారణం ఒక్కటే." సాసర్లు చూపించాడు. "ఆరూ ఒకే తూకం. ముప్పై ఒక్క ఏళ్ళు తూచినదానివి. నీ చెయ్యి తప్పదు."

"తప్పలేదు. కావాలనే తగ్గించాను."

"తెలుసు. ఎందుకు?"

"నీ భుజం చూడలేక."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే ఒప్పుకునేవాడివా?"

"లేదు" అన్నాడు.

కోపంగా అరిస్తే బాగుండేది. అరవలేదు. సాసర్లోని మందు వేలితో పోగుచేస్తూ కూర్చున్నాడు. ఇంక దాచలేకపోయాను.

"అన్నయ్యా, ఆ సోమవారం రాత్రే లెక్కపెట్టాను. పెట్టెలో పందొమ్మిది ఉన్నాయి."

అతని వేలు ఆగింది.

"శనివారం నువ్వు కాల్చలేదు" అన్నాను.

"వెళ్ళాను" అన్నాడు. "కాగితం కూడా కట్టాను. తుపాకీ ఎత్తాను. భుజానికి ఆనించలేకపోయానే. నొప్పి వల్ల కాదు, అప్పటికింకా కాల్చందే నొప్పెక్కడిది? తన్నుతుందన్న భయం. చెయ్యి ఎత్తుతాను, దించుతాను. నాలుగుసార్లు. తర్వాత కారులో కూర్చుని, నీకు అనుమానం రాకుండా గంట గడిపి వచ్చాను."

"అడవిలో మాత్రం ఎలా కాల్చావు?"

"దుప్పి ఎదురుగా ఉంటే ఒంటిమీద ధ్యాసే ఉండదు. కాల్చాక తెలిసింది. తన్నలేదు. అది కాలు విరిగి పడుతూ లేస్తూ పోతోంది, నేను చూస్తూనే ఉన్నాను. అప్పుడు నాకు మొదట వచ్చిన మాట ఏంటో తెలుసా బేరిట్? అమ్మయ్య, నొప్పెట్టలేదు అని."

నేను ఏడ్చాను. మా అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. అతను లేచి సాసర్లు ఒక్కొక్కటే డబ్బాలోకి ఒంపి, నీళ్ళ కింద కడిగి, బోర్లించి పెట్టాడు.

"ఈ శనివారం జట్టు షెడ్డులో కలిసినప్పుడు అందరికీ నేనే చెబుతాను" అన్నాను. "తప్పు నాది. నువ్వు తుపాకీ దించక్కర్లేదు."

"నీది చెబితే, మరి హాల్వర్ కాల్చి చూడలేదా అని అడుగుతారు. అడగరా?"

అడుగుతారు. మా ఊళ్ళో పదేళ్ళ పిల్లాడు కూడా ముందు అదే అడుగుతాడు.

"భయపడ్డాడని ఆ షెడ్డులో నువ్వు చెబుతావా?"

"చెప్పను" అన్నాను.

శనివారం మాంసం పంపకం. మాంసాన్ని షెడ్డులో ఎంతమందో అన్ని పోగులు పెడతారు. ఒకరు గోడవైపు తిరిగి నిలబడతారు. ఇంకొకరు ఒక్కో పోగునీ వేలితో చూపించి "ఇదెవరిది?" అంటే, గోడవైపున్నవారు చూడకుండా పేరు పిలుస్తారు. ఆ ఏడు గోడవైపు నిలబడింది టోర్వాల్డ్. తుపాకీ లేకపోయినా ఆ పని అతనికే వదిలేశారు.

"ఇదెవరిది?" అంది మైలిస్.

"హాల్వర్ది."

"నాకొద్దు" అన్నాడు మా అన్న. "నావల్ల ఒకటి చిత్తడిలో కుళ్ళింది. నా వాటా అదే. ఇంకో మాట, నేను తుపాకీ దించుతున్నాను."

 మైలిస్ చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"బాబాయ్, ఆ నిబంధన నువ్వు పెట్టిందే. మారుద్దామంటే అందరం ఒప్పుకుంటాం. నిలబడ్డ దుప్పిని నువ్వు తప్పడమేంటి? నేను నమ్మను. తూటాల్లో ఏమైనా తేడా వచ్చిందా?" అని నావైపు చూసింది. అందరూ చూశారు.

నేను నోరు తెరిచాను. మా అన్న నాకంటే ముందే మాట్లాడాడు.

"తూటాలు బంగారంలా ఉన్నాయి. కళ్ళమ్మా. కొంతకాలంగా మసకేస్తున్నాయి. చెప్పుకోవడం ఇష్టంలేక దాచాను."

కళ్ళు పోవడం సిగ్గు కాదు. ఎవరికైనా పోతాయి. మైలిస్ ముఖంలో కోపం పోయి జాలి వచ్చింది. తెరిచిన నోరు మూసుకున్నాను.

టోర్వాల్డ్ గోడవైపు నుంచి ఇటు తిరగకుండానే అన్నాడు. "పేరు పిలిచాక పోగు వెనక్కి పోదురా. నేను తుపాకీ దించిన ఏడు నాకు నువ్వే బలవంతంగా ఇప్పించావు, మర్చిపోయావా? నోరు మూసుకుని పట్టుకుపో."

పంపకం అయ్యాక బల్ల మీద కూర్చుని, పక్కకి జరిగి చోటిచ్చాడు. మా అన్న వెళ్ళి కూర్చున్నాడు.

అక్టోబరులో తుపాకీ అమ్మకానికి పట్నం పోయింది. గొట్టాలూ అచ్చులూ మిగిలిన మందూ కూడా పోయాయి. నవంబరులో మొదటి మంచు పడ్డాక మైలిస్ వచ్చి, కాఫీ తాగి, చాలాసేపు నసిగి, చివరికి అంది.

"బాబాయ్, ఏమీ అనుకోకు. కళ్ళు అలా ఉంటే బండి నడపడం మంచిది కాదు. దారిలో బడిపిల్లలు నడుస్తుంటారు."

ఇది మా ఇద్దరికీ తట్టలేదు. మా అన్న నావైపు ఒక్కసారి చూశాడు. లేచి, మేకుకున్న కారు తాళాలు తీసి నా ముందు పెట్టాడు.

"నిజమే" అన్నాడు. "నువ్వు చెప్పబట్టి సరిపోయింది."

అప్పటినుంచి నేనే నడుపుతున్నాను. ఫిబ్రవరిలో ఒకరోజు సరుకులకి బయలుదేరాం. చెరువు మలుపు దగ్గర అన్న "ఆపు" అన్నాడు. ఆపాను. నాకు మంచూ బూర్జచెట్లూ తప్ప ఏమీ కనిపించలేదు.

"అవతలి ఒడ్డున, మూడో గుబురు వెనక. ఆడది. పిల్ల కూడా ఉంది. పిల్ల ఎడమచెవి చిరిగింది చూడు."

నేను కళ్ళజోడు సర్దుకుని చూశాను. అవి కదిలాకగానీ కనబడలేదు. చెవి మాత్రం నాకు కనబడనే లేదు. అవి చెట్లలోకి పోయేదాకా చూసి, "పద" అన్నాడు.

దుకాణంలో బల్ల దగ్గరి పిల్ల మమ్మల్ని చూడగానే లేచొచ్చింది. మంచి పిల్ల. అన్న చేతిలోని వెన్న డబ్బా తీసుకుని గట్టిగా చదివింది, కళ్ళు కనబడనివాళ్ళకి చెవులు కూడా వినబడవన్నట్టు.

"హాల్వర్ తాతా, ఇది ఉప్పు వేసింది. నీకు ఉప్పులేనిది కదా? మార్చి ఇస్తానుండు." ఇంకోటి తెచ్చింది. "దీని గడువు పదిహేనో తారీకు."

మా అన్న ఉప్పు వేసిందే తింటాడు, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ. ఆ పిల్ల తెచ్చిన డబ్బా తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, కళ్ళు చిట్లించి చూశాడు.

"అవునమ్మా. నువ్వు చదవబట్టి తెలిసింది" అన్నాడు.

బయటికొచ్చాం. దుకాణం ముందు మూడు మెట్లు ఉన్నాయి, ఉప్పు చల్లి శుభ్రంగా తుడిచి ఉన్నాయి. ఆ పిల్ల అద్దం తలుపు వెనక నిలబడి చూస్తోంది. అన్న నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"మూడు మెట్లు, చూసుకో" అన్నాను, ఆ పిల్లకి వినబడేలా.